ఆగవలసిన చోట ఆగడమే వాహన పూజ

(గత విజయదశమి నాడు మన ఆలయ ప్రాంగణంలో సామూహిక వాహన పూజ ముగిసిన అనంతరం, మేడ్చల్ వాస్తవ్యులు, విశ్రాంత ఉద్యోగి అయిన ఒక భక్తుడు చేసిన ప్రసంగ పాఠం ఇది. తమ పేరు ప్రకటించవద్దని వారు కోరారు.)



నేను పండితుణ్ణి కాను. పురాణ ప్రవచనం చేయగల శక్తి నాకు లేదు. 2001 నుంచి 2023 వరకు ఇరవై రెండేళ్ళ పాటు ఒక వంద సీసీ మోటారు సైకిలు మీద మేడ్చల్ నుంచి తుర్కపల్లికి ఉద్యోగానికి వెళ్ళి వచ్చినవాణ్ణి. అంతకు మించి నాకు అర్హత లేదు. మాట్లాడమని ధర్మకర్తలు ఆజ్ఞాపించినప్పుడు నేను సంకోచించాను. "నీకు తెలిసిన దారిని గురించే చెప్పు నాయనా" అన్నారు పెద్దవారైన అర్చక స్వామి. అందుచేత ఆ దారిని గురించే నాలుగు మాటలు మనవి చేసుకుంటాను. అందులో ఇన్నేళ్ళుగా ఏ సభలోనూ చెప్పని ఒక మాట కూడా ఉంది.

ఈ ఉదయం నుంచి ఆలయం ముందు బారులు తీరిన వాహనాలను చూశాను. కార్లు ఉన్నాయి, ఆటోలు ఉన్నాయి, ట్రాక్టర్లు ఉన్నాయి. కాని ఎక్కువ భాగం మన చిన్న బండ్లే. ఏనుగు మోము గల విఘ్నేశ్వరుని మోసేది చిట్టెలుక. అట్లాగే మన ఇళ్ళలో పెద్ద పెద్ద సంసారాల భారాన్ని మోస్తున్నవి ఈ చిన్న బండ్లే. పిల్లవాడిని బడిలో దింపేది అదే, బియ్యం బస్తా తెచ్చేది అదే, అర్ధరాత్రి నొప్పులు వస్తే ఆస్పత్రికి చేర్చేదీ అదే.

బయటి జిల్లాల నుంచి వచ్చిన భక్తుల కోసం మా ప్రాంతాన్ని గురించి కొంచెం చెప్పాలి. హైదరాబాదు నుంచి ఉత్తరానికి రెండు పెద్ద రహదారులు బయలుదేరుతాయి. ఒకటి కొంపల్లి, కండ్లకోయ, మేడ్చల్ మీదుగా నాగపూర్ వెళ్ళే జాతీయ రహదారి. రెండవది అల్వాల్, హకీంపేట, శామీర్‌పేట మీదుగా కరీంనగర్ వెళ్ళే రాజీవ్ రహదారి. ఈ రెండింటినీ కలుపుతూ మేడ్చల్ నుంచి తూర్పుగా శామీర్‌పేట వైపు ఒక అడ్డదారి పోతుంది. నా జీవితంలో సగం ఆ దారి మీదే గడిచింది. ఒకప్పుడు ఈ ప్రాంతం ద్రాక్ష తోటలకు ప్రసిద్ధి. 1999లో తుర్కపల్లి పరిసరాలలో జీనోమ్ వ్యాలీకి అంకురార్పణ జరిగింది. టీకాలు, మందులు తయారుచేసే సంస్థలు ఒకటొకటిగా వచ్చాయి. నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం వచ్చింది, కళాశాలలు వచ్చాయి, గోదాములు వచ్చాయి. 2016 అక్టోబరు 11న మేడ్చల్ పేరుతోనే జిల్లా ఏర్పడింది.

ఉద్యోగాలు వచ్చాయి కాని, ఆ ఉద్యోగాలకు చేర్చే సాధనం చాలినంత రాలేదు. తెల్లవారుజామున ఆరు గంటలకు మొదటి షిఫ్టు. ఆ వేళకు అడ్డదారిలో బస్సు దొరకడం దైవాధీనం. సికింద్రాబాదు నుంచి మేడ్చల్ వరకు ఎంఎంటీఎస్ రైలు 2023 ఏప్రిల్‌లో వచ్చింది. సంతోషమే. కాని అది నగరం వైపు పోయే రైలు, శామీర్‌పేట వైపు పోయేది కాదు. ఔటర్ రింగ్ రోడ్డు 158 కిలోమీటర్ల వలయంగా నగరాన్ని చుట్టివచ్చింది. దాని ప్రధాన మార్గం మీదికి ద్విచక్ర వాహనాలకు ప్రవేశం లేదు, పక్కన ఉన్న సర్వీసు రోడ్డే మనకు గతి. కాబట్టి మాబోటి వారికి సొంత బండే శరణ్యం.

మా తండ్రిగారి తరం సైకిలు తొక్కింది. 1985లో హీరో హోండా వారి సీడీ 100 వచ్చాక, తక్కువ పెట్రోలుతో ఎక్కువ దూరం పోయే నాలుగు స్ట్రోకుల బండి సామాన్యుడికి అందింది. 1994లో స్ప్లెండర్ వచ్చింది. 97.2 సీసీ ఇంజను. 2001లో సహకార సంఘంలో అప్పు తీసుకొని నేను కొన్నది అదే. చక్రాల కింద నిమ్మకాయలు పెట్టి, ట్యాంకుకు పసుపు కుంకుమలు అద్ది, కొబ్బరికాయ కొట్టి, హారతి ఇచ్చి, ఇంటిల్లిపాదీ దానికి నమస్కరించాము. పోను ఇరవై, రాను ఇరవై కిలోమీటర్లు. ఇరవై రెండేళ్ళలో రెండు బండ్లు మారాయి. మొత్తం రెండున్నర లక్షల కిలోమీటర్లకు పైగా తిరిగి ఉంటాను. భూమండలానికి ఆరు ప్రదక్షిణలు చేసినంత దూరం అది. ఉద్యోగ విరమణ నాడు లెక్క వేసుకొని, ఆ ప్రదక్షిణల ఫలం ఎంత, వాటిలో నేను చేసిన అపచారం ఎంత అని ఆలోచించాను.

ఇక్కడ మహాభారతంలోని ఒక ఘట్టాన్ని స్మరించుకోవాలి. ద్రోణపర్వంలోనిది. అభిమన్యుని మరణం తరువాత, మరునాడు సూర్యాస్తమయం లోగా సైంధవుణ్ణి వధిస్తానని, లేకుంటే అగ్నిప్రవేశం చేస్తానని అర్జునుడు ప్రతిజ్ఞ చేశాడు. ఆ రోజు యుద్ధంలో ప్రతి నిమిషమూ అమూల్యమే. సూర్యుడు పడమటికి వాలుతున్నాడు. సైంధవుడు ఇంకా దూరంలో ఉన్నాడు. మధ్యలో ద్రోణుని వ్యూహం ఉంది. అటువంటి వేళ రథాశ్వాలు అలసిపోయాయి. వాటి ఒళ్ళంతా బాణాలు నాటుకొని ఉన్నాయి. దాహంతో ఉన్నాయి.

అప్పుడు రథం ఆగింది. శత్రుసేన నడుమ ఆగింది. అర్జునుడు నేలకు దిగి, కాలినడకన నిలబడి సేనలను నిలువరించాడు. బాణంతో భూమిని భేదించి జలాశయాన్ని సృష్టించాడు. జగన్నాథుడైన శ్రీకృష్ణుడు కాడి విప్పి, తన చేతులతో గుర్రాల ఒంటి నుంచి ఒక్కొక్క బాణాన్ని తీసి, గాయాలను నిమిరి, స్నానం చేయించి, నీళ్ళు తాగించి, మేత వేసి, వాటి అలసట తీరిన తరువాతనే మళ్ళీ రథానికి పూన్చాడు. కౌరవ సైనికులు నిర్విణ్ణులై చూశారు.

చిన్ననాటి నుంచి ఈ కథ విన్నాను. భగవంతుడు భక్తునికి సారథ్యం చేశాడని సంతోషించాను. కాని దాని అర్థం నాకు చాలా ఆలస్యంగా, చాలా బాధతో తెలిసింది. సృష్టిలో ఎవరికీ లేనంత తొందర ఆనాడు ఆ రథానికి ఉంది. అయినా గాయపడిన ప్రాణుల కోసం ఆగింది.

ఇప్పుడు నా మాట చెబుతాను.

2006 డిసెంబరు. ధనుర్మాసం. ఊళ్ళో గుడి మైకులో తిరుప్పావై వినిపిస్తూ ఉంది. స్నానం చేసి, నుదుట తిరునామం దిద్దుకొని, ఐదుం పావుకు బయలుదేరాను. దట్టమైన పొగమంచు. శామీర్‌పేట ఇంకా రెండు మూడు కిలోమీటర్లు ఉందనగా, నా బండి దీపపు వెలుగులో రోడ్డు మీద తెల్లగా ఏదో కనిపించింది. పాలు. రెండు క్యాన్లు దొర్లి ఉన్నాయి. ఒక చిన్న మోపెడ్ పక్కకు పడి ఉంది. రోడ్డు దిగువన కంకర మీద ఒక మనిషి పడి ఉన్నాడు. ఏ వాహనం కొట్టి పోయిందో తెలియదు. నేను వేగం తగ్గించాను. రెండో గేరుకు వచ్చాను. ఆ మనిషి చెయ్యి లేపాడు. "అన్నా" అన్నాడు.

ఆ ఒక్క మాటే.

నేను ఆగలేదు.

ఎందుకు ఆగలేదో చెప్పాలి. ఆ నెలలో అప్పటికే రెండుసార్లు ఆలస్యంగా వెళ్ళాను. మూడోసారి అయితే సగం రోజు జీతం కోత. ఆనాడు నా సగం రోజు జీతం నూట పది రూపాయలు. రెండవ కారణం భయం. ఆస్పత్రికి తీసుకుపోతే నువ్వే గుద్దావంటారు, పోలీసు స్టేషను చుట్టూ తిప్పుతారు, కోర్టుకు పిలుస్తారు అని మా వాళ్ళందరూ చెప్పుకునేవారు. ఈ రెండు ఆలోచనలూ రెండు మూడు క్షణాలలో నా మనసులో తిరిగాయి. నా చెయ్యి యాక్సిలరేటరు తిప్పింది. మూడో గేరు పడింది.

ఫ్యాక్టరీకి చేరాక గేటు దగ్గరి కాపలాదారుతో, "ఫలానా చోట ఒకరు పడి ఉన్నారు, 108కు ఫోన్ చెయ్యి" అని చెప్పి, కార్డు గుద్ది లోపలికి వెళ్ళిపోయాను. 108 అంబులెన్సు సేవ అంతకు ముందటి ఏడాది ఆగస్టు 15నే మొదలైంది. ఆ ఫోను చేయడానికి ఇరవై నిమిషాలు ఆలస్యమైంది. షిఫ్టు ముగిసి రెండు గంటలకు తిరిగి వస్తూ అక్కడ ఆగాను. పగిలిన గాజు పెంకులు, ఎండిన తెల్లని మరక మాత్రమే ఉన్నాయి. ఎదురుగా చాయ్ డబ్బా నడిపే పెద్దమ్మను అడిగాను. "పొద్దుగాల ఎవరో ఆటోల ఏసుకొని పోయిండ్రు బిడ్డా" అంది. ఏ ఆస్పత్రికి, ఏ ఊరి మనిషి అని నేను అడగలేదు. తెలుసుకోలేకపోయాను అనడం కంటె, తెలుసుకోవడానికి భయపడ్డాను అనడమే నిజం. ఆ మనిషి ఉన్నాడో లేడో ఈనాటికీ నాకు తెలియదు.

ఆ సాయంకాలం యథాప్రకారం గుడికి వెళ్ళాను. ప్రదక్షిణలు చేశాను. స్వామి ఎదుట కళ్ళు మూసుకోలేకపోయాను.

మహాజనులారా, నేను ఈ కథ చెప్పడం మీ సానుభూతి కోసం కాదు. ఇక్కడ ఉన్నవారిలో ఏ ఒక్కరూ రేపు నా స్థితిలో పడకూడదని చెబుతున్నాను. నన్ను ఆపిన భయానికి ఈనాడు ఆధారం లేదు. గాయపడినవారికి సహాయం చేసే వారిని వేధించరాదన్న మార్గదర్శకాలకు సుప్రీంకోర్టు 2016 మార్చి 30న ఆమోదం తెలిపి, వాటిని దేశమంతటా పాటించాలని ఆదేశించింది. 2019లో మోటారు వాహనాల చట్టానికి చేసిన సవరణలో 134ఏ అనే సెక్షను చేరింది. సద్బుద్ధితో, ప్రతిఫలాపేక్ష లేకుండా బాధితుణ్ణి ఆదుకున్న వ్యక్తి మీద సివిలు దావా గాని, క్రిమినలు కేసు గాని ఉండదు. తన పేరు, చిరునామా చెప్పి తీరాలన్న నిర్బంధం లేదు. సాక్షిగా ఉండాలా వద్దా అన్నది అతని ఇష్టం. ఆస్పత్రిలో చేర్పించి వెంటనే వెళ్ళిపోవచ్చు. ఈ సంగతి మీరు తెలుసుకోవడమే కాక, పదిమందికి చెప్పండి. తెలియకపోవడం వల్లనే మనుషులు రోడ్ల మీద పడి ఉంటున్నారు.

అయితే ఇతరుల కోసం ఆగడానికి ముందు, మన బండి మనం కోరిన చోట ఆగాలి కదా. శ్రీకృష్ణుడు గుర్రాలకు చేసిన సేవలో సగమైనా మనం బండికి చేస్తున్నామా?

2022లో మన దేశంలో రోడ్డు ప్రమాదాలలో 1,68,491 మంది మరణించారని కేంద్ర రవాణా శాఖ నివేదిక చెబుతున్నది. వారిలో నూటికి నలభై నాలుగు మందికి పైగా ద్విచక్ర వాహనాల మీద ప్రయాణిస్తున్నవారే. చిన్న ఇంజను కదా, ఏమవుతుందిలే అనుకుంటాము. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో పోయే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు పోతుంది. ఎదురుగా గేదె వచ్చిందని కన్ను చూసి, కాలు బ్రేకు మీద పడే లోపునే అంత దూరం గడిచిపోతుంది. 40 కిలోమీటర్ల వేగమైతే ఆ దూరం 11 మీటర్లు. ఆ తేడాలో ఒక ప్రాణం నిలుస్తుంది. నిదానంగా పోతే మేడ్చల్ నుంచి తుర్కపల్లికి నాకు అయిన ఆలస్యం పది నిమిషాలు. ఆ పది నిమిషాలు ముందుగా లేవడమే నేను నేర్చుకున్న తపస్సు.

ఆనాటి నుంచి నేను పాటించిన నియమాలు కొన్ని ఉన్నాయి. ప్రొద్దున దీపారాధన కాగానే బండి దగ్గర రెండు నిమిషాలు గడిపేవాణ్ణి. రెండు టైర్లు నొక్కి చూడటం. చైను మధ్యలో వేలితో కదిపితే రెండు మూడు సెంటీమీటర్లు ఆడాలి, అంతకంటె వదులైతే బిగించడం. ముందు బ్రేకు, వెనుక బ్రేకు విడివిడిగా పట్టి చూడటం. వెనుక ఎర్ర దీపం వెలుగుతున్నదో లేదో గోడ మీద పడే కాంతిని బట్టి చూసుకోవడం. మంచులో, చీకటిలో మన ప్రాణాన్ని లారీ డ్రైవరుకు చూపించేది ఆ చిన్న దీపమే. 125 సీసీ వరకు గల కొత్త బండ్లకు 2019 ఏప్రిల్ నుంచి ఒక బ్రేకు వేస్తే రెండు చక్రాలకూ పట్టే ఏర్పాటు తప్పనిసరి అయింది. పాత బండ్లకు అది లేదు. అటువంటి బండి ఉన్నవారు రెండు బ్రేకులనూ కలిపి వాడటం అలవాటు చేసుకోవాలి. వాన నీళ్ళలో నుంచి బయటికి వచ్చాక బ్రేకు సరిగా పట్టదు. నాలుగైదుసార్లు మెల్లగా వేసి ఆరనివ్వాలి.

రాత్రి షిఫ్టు చేసి వచ్చే తమ్ముళ్ళకు ఒక మాట. నిద్రకు ఎదురు నిలిచిన వీరుడు లేడు. కన్ను మూతపడుతున్నదని తెలిసిన క్షణంలోనే బండి ఆపండి. చాయ్ తాగండి, ముఖం కడుక్కోండి, అవసరమైతే పావుగంట కునుకు తీయండి. ఇంటి దగ్గర ఎదురుచూసేవారు పావుగంట ఎక్కువ చూస్తారు, అంతే.

ఇక హెల్మెట్. ఈ ఉదయం పూజ చేయించుకున్న బండ్లలో చాలావాటికి హెల్మెట్ అద్దానికి వేలాడుతూ కనిపించింది. కొన్నింటికి అసలే లేదు. అది పోలీసులకు చూపించే వస్తువు కాదు. సరిగా ధరించిన హెల్మెట్ మరణ ప్రమాదాన్ని సుమారు 42 శాతం, తల గాయాలను సుమారు 69 శాతం తగ్గిస్తుందని ప్రపంచ వ్యాప్తంగా జరిగిన పరిశోధనలను పరిశీలించి వైద్యులు తేల్చారు. "సరిగా" అన్న మాట గమనించండి. పట్టీ బిగించని హెల్మెట్ తల కంటె ముందు ఎగిరిపోతుంది. వెనుక కూర్చున్న ఇల్లాలికి కూడా తల ఉన్నదని మనం మరచిపోతున్నాము. శివరాత్రికి కీసరగుట్టకు, జాతరకు కొమురవెల్లికి భార్యను, ఇద్దరు పిల్లలను ఒకే బండి మీద ఎక్కించుకొని పోయేవారిని ఏటేటా చూస్తున్నాను. చట్టప్రకారం నడిపేవారు కాక ఒక్కరే ఎక్కాలి. దేవుని దర్శనానికి పోయేటప్పుడు బస్సు ఎక్కండి. స్వామి మనం ఏ వాహనంలో వచ్చామని అడగడు. అందరూ క్షేమంగా వచ్చారా అని చూస్తాడు. అక్కచెల్లెళ్ళు చీర కొంగు, చున్నీ చక్రంలో పడకుండా ఒళ్ళో బిగించి పట్టుకోవాలి.

2006 తరువాత నా బండి పెట్టెలో ఒక శుభ్రమైన పాత ధోవతి గుడ్డ, నీళ్ళ సీసా, చేతిదీపం ఎప్పుడూ ఉండేవి. పదిహేడేళ్ళలో నాలుగుసార్లు వాటితో పని పడింది. మూడుసార్లు చిన్న దెబ్బలే. నాలుగోసారి ఒక విద్యార్థిని ఆటోలో ఆస్పత్రికి చేర్చాను. ఆ రోజు సగం జీతం కోసుకున్నారు. ఆ కోతను చూసి నాకు సంతోషం కలిగిందని చెప్పను. ఎందుకంటే ధనుర్మాసపు ఆ ఉదయం చెల్లించవలసిన నూట పది రూపాయలు ఇవి కావు. ఆ బాకీ ఆ మనిషికే చెల్లాలి. అది చెల్లదు. అయినా ఆగడం నా కర్తవ్యం కనుక ఆగాను.

2020లో మహమ్మారి వచ్చి లోకమంతా ఇళ్ళలో ఉన్నప్పుడు, ఈ దారి మీద చిన్న బండ్లు మాత్రం ఆగలేదు. కోవాగ్జిన్ టీకా మన జీనోమ్ వ్యాలీలోనే రూపుదిద్దుకొన్నది. 2021 జనవరి 3న దాని అత్యవసర వినియోగానికి అనుమతి లభించింది. ఈ ప్రాంతంలో తయారైన మందులు, టీకాలు దేశదేశాలకు పోతాయి. వాటి వెనుక శాస్త్రవేత్తల మేధ ఉన్నది. ప్రతి ఉదయం చలిలో, వానలో బండి మీద వచ్చి యంత్రాలు నడిపే, సీసాలు కడిగే, పెట్టెలు మోసే వేలాది సామాన్యుల శ్రమ కూడా ఉన్నది. లోకానికి ప్రాణరక్షణ చేసే మనుషులు దారిలో తమ ప్రాణాన్ని పోగొట్టుకోరాదు.

దాతలైన పెద్దలు ఈ సభలో ఉన్నారు. స్వామికి మీరు సమర్పించే ప్రతి వస్తువూ పవిత్రమే. ఒక విన్నపం. మీ దగ్గర పని చేసే వారికి ఈ పండుగకు కొత్త బట్టలతో పాటు ఐఎస్ఐ ముద్ర గల ఒక హెల్మెట్ ఇప్పించండి. యజమానులైనవారు, దారిలో పడిన మనిషి కోసం ఆగి ఆలస్యంగా వచ్చిన ఉద్యోగి జీతం కోయబోమని ఒక్క మాట చెప్పండి. ఆ మాట ఆనాడు నాకు ఎవరైనా చెప్పి ఉంటే నేను ఆగేవాణ్ణేమో. ఆగేవాణ్ణని నిశ్చయంగా చెప్పలేను. కాని ఇంకొకరు ఆగవచ్చు.

అర్చక స్వాములకు కూడా నాదొక ప్రార్థన. వచ్చే విజయదశమికి బండితో పాటు హెల్మెట్‌ను కూడా స్వామి పాదాల చెంత ఉంచి, దానికీ కుంకుమ పెట్టి, ఇల్లాలి చేత భర్త చేతికి, భర్త చేత ఇల్లాలి చేతికి ఇప్పించండి.

ఇంటికి తిరిగి పోయేటప్పుడు చక్రాల కింద నిమ్మకాయలు నలిగిన చప్పుడు మీకు వినిపిస్తుంది. పూజ అక్కడ పూర్తి కాలేదు. దారిలో ఎవరైనా "అన్నా" అని పిలిస్తే, మీ చెయ్యి బ్రేకు మీదికి పోవాలి. అప్పుడే ఈ పూజ పూర్తి అవుతుంది.

 స్వామి మిమ్మల్ని, మీ ఇంటిల్లిపాదిని చల్లగా చూచు గాక. స్వస్తి.